తాత కట్టిన మెట్లు

ఉదయగిరి,
జూన్ 9

అక్కకు,

ఫోన్లో మాట్లాడితే నేను అరుస్తున్నానని నువ్వు కట్ చేస్తున్నావు. నువ్వు కట్ చేశాక నేను ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నాను. అందుకే కాగితం తీసుకున్నాను. చివరిదాకా చదువు.

మీ కమిటీ దగ్గర్నుంచి జవాబొచ్చింది. మన ఇంటి ముందు మెట్లు తీసి ర్యాంపు కట్టుకోవడానికి, వాకిలి వెడల్పు చేసుకోవడానికి అనుమతి లేదట. 'ముందు భాగం యథాతథంగా ఉంచవలెను.' అంతే, ఒక్క వాక్యం.

పాత ఇళ్ల పరిరక్షణ కమిటీ అని మీరు పెట్టుకున్నప్పుడు అందరికన్నా ముందు సంతోషించింది నేనే. కోట కింద బజారులో షావుకార్ల మేడలతో పాటు, ఊరవతల మనవాళ్ల పాలెంలో మన తాత మస్తానయ్య పంతులు కట్టిన ఇల్లు కూడా లిస్టులో ఎక్కిందని ఎంత పొంగిపోయాను! నీలం రంగు పలక తెచ్చి గోడకు బిగిస్తుంటే పక్కనే నిలబడి టీలు అందించాను. ఆ పలక పడ్డాక ఇంట్లో ఏది మార్చాలన్నా మీ కాగితం కావాలని, అది లేనిదే పంచాయతీ వాళ్లు ఒప్పుకోరని నాకెవరు చెప్పారు?

జెస్సీ సంగతి నీకు తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు దాన్ని నెల్లూరు ఆసుపత్రిలో చూశావే గానీ ఇంటికొచ్చాక చూడలేదు. ఆటో బోల్తా పడినప్పటి నుంచి నా బిడ్డకు నడుము కింద స్పర్శ లేదు. నర్సింగ్ చదువుతున్న పిల్ల, తనకేమైందో డాక్టర్ నోరు విప్పకముందే తెలుసుకుంది. ఇప్పుడు అది బయటికి రావాలంటే నేనూ, పక్కింటి కొండయ్యా కలిసి మొయ్యాలి. వాకిలి ఇరుకు, ద్వారంలో చక్రాల కుర్చీ పట్టదు. ముందు దాన్ని చేతుల మీద గడప దాటించాలి, తర్వాత కుర్చీ మడిచి తేవాలి, మళ్లీ కూర్చోబెట్టి ఆ మెట్లు దించాలి. తాత ఒక్కో మెట్టూ మోకాలెత్తు పెట్టించాడు కదా. కొండయ్య పనికి పోయిన రోజు జెస్సీ లోపలే.

మొన్న ఆదివారం చర్చికి రానంది. "బియ్యం మూట మోసినట్టు మోసుకుపోతా ఉంటే పాలెం అంతా చూడాలనా నాయనా?" అని అడిగింది.

నువ్వు ఆ కమిటీలో మెంబరువి. ఆ రోజు మీటింగులో నువ్వేం మాట్లాడావు? అది రాయి.

సైమన్


ఆత్మకూరు,
జూన్ 15

తమ్ముడు సైమన్‌కు, మరదలు వరదమ్మకు, జెస్సీకి,

ప్రభువు మీ ఇంటి మీద తన చల్లని చెయ్యి ఉంచాలని కోరుతూ అక్క ఏంజెలిన్ రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరంలో పలకరింపు లేదు, వందనం లేదు. నీ కష్టం చూసి సర్దుకున్నాను.

కమిటీ అంటే ఒక మనిషి కాదు సైమన్. తొమ్మిదిమందిమి ఉన్నాం. ఇంజనీరు వచ్చి చూస్తాడు, ఫొటోలు పెడతారు, నిబంధనలు చదువుతారు, అందరి అభిప్రాయం తీసుకుంటారు. ఇంటి లోపల ఏం మార్చుకున్నా అభ్యంతరం లేదు. వీధిలోంచి కనబడే భాగం మాత్రం మారకూడదు. ఆ నిబంధన అందరికీ ఒకటే.

మన ఇల్లు ఆ లిస్టులోకి ఎక్కడానికి నేను ఎంత తిరిగానో నీకు తెలియదు. "పాలెంలో చరిత్ర ఏముంటుంది మేడమ్?" అని నా ముఖం మీదే అడిగారు. మెట్లు చూపించాను. ఆ రోజుల్లో పాలెంలో ఎవరూ ఎత్తు పునాది వెయ్యకూడదు. తాత మిషన్ బడిలో పంతులై, కొండ రాయి తెప్పించి, షావుకారు ఇంటికన్నా ఎత్తుగా మెట్లు కట్టాడు. పడగొట్టారు. మళ్లీ కట్టాడు. కొట్టారు. అయినా కట్టాడు. అవ్వ ఈ కథ చెబుతూ తాత వీపు మీద మచ్చ ఎంత పొడవుండేదో నేల మీద వేలితో గీసి చూపించేది. అప్పటికి నువ్వు ఒళ్లో పిల్లవాడివి. ఇదంతా చెప్పాక కమిటీలో ఒక్కరూ నోరెత్తలేదు.

లిస్టులో మనవాళ్ల ఇల్లు అదొక్కటే. ఏడాది తిరక్కుండా మనమే పగలగొట్టుకుంటే రేపు నన్నేమంటారు?

పెరటి వైపు సందు ఉంది కదా. అక్కడ నేల చదునుగానే ఉంటుంది. గేటు పెట్టుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేదంటే జెస్సీని నా దగ్గరికి పంపు. మాది కింది అంతస్తు. ఆత్మకూరులో ఫిజియోథెరపీ కూడా దొరుకుతుంది.

కోపం తగ్గించుకో. బీపీ మాత్రలు మానకు.

అక్క


ఉదయగిరి,
జూన్ 20

అక్కా,

నేను అడిగింది ఒకే ప్రశ్న. మీటింగులో ఏం మాట్లాడావని. నిబంధనలు రాశావు, తాత కథ రాశావు, నా బీపీ గురించి కూడా రాశావు. ఆ ఒక్కటి రాయలేదు.

పెరటి సందు అన్నావే, ఎన్నేళ్లయింది నువ్వు ఆ సందులోకి వచ్చి? ఊరి మురుగంతా అందులోంచే పోతుంది. ఒకప్పుడు మనవాళ్లు షావుకార్ల ఇళ్లకు పోతే దొడ్డిదారినే పోవాలి. ఇప్పుడు నా బిడ్డ తన సొంత ఇంట్లోకి దొడ్డిదారిన రావాలా? దాన్ని చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ముందు మెట్లెక్కి దర్జాగా రావాలా?

మీ వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఏం జరిగిందో నీకు తెలియదు, నువ్వు రాలేదు కాబట్టి. మీ అధ్యక్షుడు ప్రసన్నకుమార్ గారు, ఇంజనీరు, ఇంకో ఇద్దరు వచ్చారు. మెట్లు కొలిచారు. తలుపు చెక్క మీద చెయ్యి వేసి "అబ్బ, ఏం పని!" అన్నారు. అరుగు మీద కూర్చుని టీ తాగారు. జెస్సీ వాకిలి వెనకే కుర్చీలో ఉంది. దాన్ని ఒక్క మాట అడగలేదు. ఫొటో తియ్యబోతూ ప్రసన్నకుమార్ గారు ఫోన్ దించి, "పాపను కొంచెం పక్కకు జరపండి, కుర్చీ ఫొటోలో పడతా ఉండాది" అన్నాడు.

జెస్సీ తనే చక్రాలు తిప్పుకుని పక్కకు పోయింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

నిన్న ఆయన బియ్యం అంగడికి వెళ్లాను. ఎందుకు కాదన్నారని అడిగాను. ఆయన నవ్వాడు. "నన్ను అడుగుతావేంది సైమన్? మేమంతా సరే అందామనే అనుకున్నాం. మెట్లు ముట్టుకోబాకండి, మెట్లు పోతే చరిత్ర పోతుందని పట్టుబట్టింది మీ అక్కయ్యే. పోయి ఆమెను అడుగు" అన్నాడు. అంగట్లో గిరాకీ జోరుగా ఉంది. బియ్యానికి వచ్చినవాళ్లందరూ విన్నారు. నేను అక్కడి నుంచి ఎట్ల నడిచి వచ్చానో నాకే తెలియదు.

నిజమేనా?

నిజమైతే ఇది కూడా విను. తాత దెబ్బలు తిన్నది మెట్ల కోసం కాదు. పాలెం వాళ్ల ఇల్లు ఎంత ఎత్తు ఉండాలో ఊళ్లోవాళ్లు చెప్పేవాళ్లు. నా ఇల్లు ఎట్ల కట్టుకోవాలో చెప్పేదానికి మీరెవరని ఆయన అడిగాడు. ఆ మాట అన్నందుకు కొట్టారు. ఇప్పుడు మళ్లీ ఊళ్లోవాళ్లే కూర్చుని మన ఇల్లు ఎట్ల ఉండాలో చెబుతున్నారు. ఈసారి వాళ్ల పక్కన తాత మనవరాలు కూడా కూర్చుంది.

సైమన్


ఆత్మకూరు,
జూన్ 28

సైమన్,

నిజమే. నేనే వద్దన్నాను.

దీని గురించి నువ్వు బియ్యం అంగట్లో వినాల్సి రావడం నా తప్పు. కానీ వద్దన్నందుకు నేను సిగ్గుపడటం లేదు. ముప్ఫై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పాను. కోట గురించి చెప్పాను, రాజుల గురించి చెప్పాను, ఎవరు ఎవర్ని గెలిచారో చెప్పాను. ఆ పుస్తకాల్లో మన పాలెం ఒక్క లైనులో లేదు. మనం కూడా ఈ ఊళ్లో తలెత్తుకుని బతికామని చెప్పడానికి రాయి రూపంలో మిగిలింది ఆ మెట్లే. అవి పోతే తాత కూడా అవ్వ చెప్పిన కథే అవుతాడు. కథ అయితే కాదనడం ఎంతసేపు?

జెస్సీ నాకు గుర్తురాలేదనుకుంటున్నావా? ఆ రోజు దాని ముఖమే కళ్ల ముందు పెట్టుకుని వద్దన్నాను. ఇంటికి ఎందుకు రాలేదని పొడుస్తున్నావు. దాన్ని ఆ మెట్ల మీద మోస్తుంటే కళ్లారా చూస్తే నా మాట మీద నేను నిలబడలేనని రాలేదు. చాలా? ఇప్పుడు తృప్తిగా ఉందా?

నువ్వు ఒక్కడివే దుఃఖపడుతున్నట్టు రాయకు. పుట్టిన ఇల్లు నాది కూడా.

నువ్వు చెక్క పనివాడివి. చెంచాలు, ఫోర్కులు చెక్కి ఊళ్లకు పంపేవాడివి, ఒక ర్యాంపు చెయ్యలేవా? అవసరమైనప్పుడు వేసి తర్వాత తీసేసేది చెయ్యి. దానికి నిబంధనలు అడ్డం రావు. వచ్చే మీటింగులో వాకిలి సంగతి నేను మళ్లీ ఎత్తుతాను.

ఏంజెలిన్


ఉదయగిరి,
జూలై 17

అత్తా,

నేను జెస్సీని. నాయన కుడిచేతికి సిమెంటు కట్టు వేశారు, అందుకని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టే రాయాలట.

"అక్కా, నువ్వు చెప్పినట్టే చెక్కతో ర్యాంపు చేసినాను. వేప చెక్క, మంచి మందం. మెట్లు ఎత్తు, ముందర జాగా తక్కువ. చెక్క వాలు లేకుండా నిట్టనిలువుగా నిలబడినాది. వరదమ్మ వద్దు వద్దు అంటానే ఉండాది. మా అక్క చెప్పినాది, చదువుకున్న మనిషి చెప్పినాదని నేనే వినలేదు. సగం దిగేలోపల కుర్చీ జారినాది. నేను అడ్డం పడినాను. నా మణికట్టు విరిగినాది. బిడ్డకు నుదురు పగిలి కుట్లు పడినాయి. ఆ చెక్కను పొయ్యిలో పెట్టినాను. ఇంక నువ్వు నాకు ఏ ఉపాయమూ చెప్పబాక. అంతే. రాసినావా? మడిచి పంపు."

నాయన లేచి బయటికి పోయాడు. ఇది నా ఉత్తరం.

నాకు ఆ మెట్లంటే ఇష్టమే అత్తా. చిన్నప్పుడు పైమెట్టు మీద కూర్చుంటే కొండ మీద కోట గోడ కనిపించేది, ఎండాకాలం రాయి చల్లగా ఉండేది. అవి పగలగొడితే నేనూ ఏడుస్తాను. ఆ సంగతి నన్ను ఎవరైనా అడిగితే కదా.

నాయన నన్ను అడక్కుండానే అర్జీ పెట్టాడు. కమిటీ వాళ్లు నన్ను ఫొటోలోంచి జరిపారు. నువ్వు నన్ను ఆత్మకూరు పంపమని నాయనకు రాశావు. నీ ఉత్తరాలు రెండూ చదివాను. మొదటి దాంట్లో పైన నా పేరుంది, రెండో దాంట్లో నా ముఖం గుర్తొచ్చిందని ఉంది. నాతో అన్న మాట ఒక్కటీ లేదు. ఇంట్లో పెద్ద బీరువా ఎక్కడ పెట్టాలా అని అందరూ తర్జనభర్జన పడుతున్నట్టుంది.

నీకు తాత వీపు మీద మచ్చ గుర్తుంది. ఆ మచ్చను నువ్వు చూడలేదు, విన్నావు. నా నుదుటి మీద కుట్లున్నాయి. చూడటానికి వస్తావా?

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. నెమ్మదిగా రాస్తున్నాను కాబట్టి మర్యాదగా కనబడుతోంది.

జెస్సీ


ఆత్మకూరు,
ఆగస్టు 5

జెస్సీకి,

నీ ఉత్తరం అందిన రోజే బయల్దేరాలనుకున్నాను. ఉత్త చేతులతో నీ ముందుకు రావడానికి మనసొప్పక మీటింగు దాకా ఆగాను. ఉత్త చేతులతోనే వస్తున్నాను. ఏం జరిగిందో ముందు చదువు.

మన ఇంటి విషయం నేనే ఎత్తాను. నాది పొరపాటని, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఇంజనీరు తల ఊపాడు. ఇక అయిపోయినట్టే అనుకున్నాను. ప్రసన్నకుమార్ గారు కళ్లజోడు సవరించుకుని, "పోయినసారి మీరే కదా మేడమ్, మెట్లు పోతే చరిత్ర పోతుందన్నారు? ఎంత బాగా చెప్పినారు! మాకు కళ్లు తెరిపించినారు. ఇప్పుడు మీవాళ్లకు అవసరం వచ్చిందని మాట మారిస్తే ఎట్ల?" అన్నారు.

నా మాటే తాడు చేసి నా మెడకు వేశాడు. వేసే వీలు ఇచ్చింది నేనే.

తర్వాతి విషయం ఆయన బావమరిది మేడ. బజారులో చెక్క స్తంభాల మేడ లేదూ, అది. దాన్ని ఫంక్షన్ హాలు చేస్తారట. ముందు వసారాలో రెండు స్తంభాలు తీసేస్తామని అడిగారు. ఎందుకని ఇంజనీరు అడిగితే, "కార్లు లోపలికి పోవాల కదండీ" అన్నారు. నేను తప్ప అందరూ చేతులెత్తారు. టీ చల్లారేలోగా అనుమతి అయిపోయింది.

నేను ఇంతకాలం ఏ సభలోనూ గొంతు పెంచి ఎరగను. ఆ రోజు అరిచాను. "కారుకు దారి ఇస్తారు, కుర్చీకి ఇవ్వరా?" అని అడిగాను.

ఆయన చాలా శాంతంగా అన్నాడు. "వాళ్లది నలుగురికీ పనికొచ్చే ఇల్లు మేడమ్. మీది గుర్తుగా ఉండాల్సిన ఇల్లు. మీవాళ్ల మీద గౌరవంతోనే కదా లిస్టులో పెట్టినాం."

గౌరవమట. వాళ్ల ఇళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటారు, కార్లు పెట్టుకుంటారు, కాలంతో పాటు మారతారు. మనం మాత్రం మన దెబ్బలను పోలీసులు సీలు వేసినట్టు అట్లే ఉంచుకుని, వచ్చిపోయేవాళ్లకు చూపించాలి. మీ నాయన జూన్ నెలలోనే ఈ మాట రాశాడు. నేను పంతులమ్మను కదా, అర్థం కావడానికి ఆగస్టు దాకా పట్టింది.

తర్వాత మన ర్యాంపు మీద ఓటు పెట్టారు. నా చెయ్యి ఒక్కటే లేచింది. ఇంజనీరు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను లేచి వచ్చేశాను. ఇక ఆ గదిలోకి వెళ్లను.

శనివారం ఉదయం బస్సుకు వస్తున్నాను. మేస్త్రీ తిరుపాలును మాట్లాడి ఉంచమని మీ నాయనకు రాద్దామనుకుని ఆగాను. నిన్నే అడుగుతున్నాను. మెట్లు తీసెయ్యమంటావా? అన్నీనా, కొన్నా? ర్యాంపు ఎటువైపు కావాలి? అసలు కావాలా? నువ్వు ఏదంటే అది. అనుమతి లేకుండా చేస్తే నోటీసు వస్తుంది. రానీ. దాని మీద ముందు నా పేరు ఉండేట్టు చూస్తాను.

నా మీద కోపం అట్లే ఉంచుకో. దాన్ని పోగొట్టడానికి రావడం లేదు.

మీ అత్త


ఉదయగిరి,
అక్టోబర్ 26

అక్కకు సైమన్ వందనాలు.

నా చెయ్యి బాగానే ఉంది. అక్షరాలు కొంచెం వంకర, సర్దుకుని చదువు.

వాకిలి వెడల్పు చేయించి, గోడ వెంట మలుపు తిప్పి వాలుగా ర్యాంపు కట్టించి నువ్వు వెళ్లాక నోటీసు మీద నోటీసు వచ్చింది. నీ పేరు, నా పేరు, ఆఖరికి తిరుపాలు మేస్త్రీ పేరు కూడా ఉంది. "నాకు చదువు రాదు, నన్నెందుకు రాసినారు?" అని ఆయన వాళ్లనే పోయి అడిగాడట. పోయిన వారం పలక తీసుకుపోవడానికి ఇద్దరు వచ్చారు. మన ఇల్లు లిస్టులోంచి కొట్టేశారట. పలక ఊడదీస్తుంటే సున్నం గోడ పెద్ద పెచ్చు లేచిపోయింది. పాత ఇంటి గోడ పగలగొట్టారు, మీ మీద ఏ కమిటీకి అర్జీ పెట్టాలని వరదమ్మ అడిగింది. పలక చంకన పెట్టుకుని పోయారు. బజారులో ఆ మేడకు స్తంభాలు తీసేశారు. గేటు దాకా టైల్స్ పరిచారు. దాని గోడ మీద పలక మాత్రం అట్లే ఉంది. అటుగా పోయిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒక మాట చెప్పాలి. జెస్సీ సగం మెట్లు ఉంచి సగం తియ్యమన్నప్పుడు, మొదటి రాయి కదిపిన చప్పుడుకు నువ్వు వంటింట్లోకి పోయావు. కూర కలబెడుతున్నట్టు నిలబడ్డావు. పొయ్యి మీద గిన్నె లేదు. నేను చూశాను. అప్పుడే పలకరించి ఉండాల్సింది. నా కోపం ఇంకా అడ్డం ఉండింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బియ్యం అంగట్లో విన్నది అంత తొందరగా పోదు అక్కా. కానీ నువ్వు మా మధ్య ఉంటేనే అది పోయేది. ఆత్మకూరులో ఉంటే ఎట్ల పోతుంది?

ఇక అసలు విషయం. నిన్న పొద్దున చూస్తే జెస్సీ ఇంట్లో లేదు. తనంతట తను ర్యాంపు దిగి వెళ్లిపోయింది. వరదమ్మ చర్చి వైపు పరిగెత్తింది, నేను బజారు వైపు. చూస్తే బస్టాండులో ఉంది. నెల్లూరు బస్సుకు ఎదురుగా, అడ్డంగా కుర్చీ పెట్టింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కండక్టరు కిందికి దిగి, "పక్కకు జరుగమ్మా, బస్సు తియ్యాల" అంటున్నాడు.

"నేను ఎక్కినాక తియ్యండి."

"ఎట్ల ఎక్కుతావమ్మా? మెట్లు ఉండాయి కదా."

"నేనూ అదే అడగతా ఉండాను. ఎట్ల ఎక్కాల?"

"మీ నాయన్ను పిలిపించు, ఎత్తి ఎక్కిస్తాడు."

"నన్ను ఎత్తబాకండి. ఎక్కే దారి చూపించండి."

నేను గుంపులోంచి ముందుకు పోయాను. అది నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "నాయనా, నువ్వు రాబాక. నేను మాట్లాడతా ఉండాను" అంది. ఆగిపోయాను. ఎంత కష్టమో నీకు తెలుసా, అట్ల ఆగిపోవడం? బస్సులో వాళ్లు కొందరు తిట్టారు. ఏ.ఎస్.పేట దర్గాకు పోతున్న ఒక ముసలామె కిటికీలోంచి తల బయటపెట్టి, "అడగమ్మా, గట్టిగా అడుగు. ఆ మెట్లు ఎక్కలేక నా మోకాళ్లు కూడా అరిగిపొయినాయి" అంది. ఆఫీసులోంచి ఒకాయన వచ్చి పైవాళ్లకు రాస్తానన్నాడు. "ఎవరికి రాస్తారు? నా ముందర రాయండి" అంది జెస్సీ. ఆయన నిజంగానే కూర్చుని రాశాడు. బస్సు ఆలస్యంగా కదిలింది, మన పిల్ల లేకుండానే.

నర్సింగ్ కాలేజీకి పోయి మళ్లీ చేర్చుకుంటారో లేదో అడగాలట. ఫోన్లో అడిగితే కాదనడం వాళ్లకు సులువట, ఎదురుగా కూర్చుని అడగాలట. వాళ్లూ కాదంటే వాళ్లతోనూ పోట్లాడుతుందట. కారు మాట్లాడతానన్నాను. "బస్సులోనే పోతా" అంది.

సోమవారం మళ్లీ బస్టాండుకు పోతుంది. నన్ను రావద్దంది. నిన్ను మాత్రం రమ్మని రాయమంది. ఎందుకని అడిగితే చెప్పిన మాట అట్లే రాస్తున్నాను:

"అత్త కొట్లాడేది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటా ఉండాది నాయనా. మధ్యలో ఆపనీబాక."

సైమన్